ఒక్క చిలప శాలువ

నూలు కొఱతపడినచోట రంధ్రములను పెంచుటయే లేసల్లికలోని కిటుకు. అనుకొనని చుట్టములు వచ్చినపుడు చారులో మఱి రెండు చెంబుల నీళ్లు పోయు నిల్లాలి నేర్పు వంటిదే యిదియు. కాని చారు పలుచనైనకొలది రుచి చెడును, శాలువ పలుచనైనకొలది వెల పెరుగును.

సూదిపై దారము నొకమారు ఊరక చుట్టినచో నొక కన్నమును, దానితోపాటు ఒక క్రొత్త కుట్టును ఏర్పడును. ప్రక్కనున్న రెండు కుట్లను కలిపి యొకటిగా నల్లినచో లెక్క మరల సరిపోవును. ఈ రెండు చేష్టలనే తావులు మార్చి మార్చి ప్రయోగించి, స్కాట్లండునకు ఉత్తరమున సముద్రమధ్యమున నున్న షెట్లండు ద్వీపముల స్త్రీలు అలల జాడలను, పిల్లి పాదములను, పక్షినేత్రములను శాలువలపై వెలయించిరి. అందును అన్‌స్ట్ దీవి పనితనము సుప్రసిద్ధము. అచటి చిన్న గొఱ్ఱెల మెడయందలి మృదురోమమును, వేసవి తొలినాళ్లలో అది తనంతట వదులైనపుడు, కత్తెర తగులనీయక చేతితోనే పెఱికి, వెండ్రుకవలె సన్నముగా వడికి యల్లిన శాలువ, పఱచినపుడు రమారమి ఆఱడుగుల చదరమైనను, పెండ్లి యుంగరములో దూరి యీవలికి వచ్చెడిది. 1851లో లండను మహాప్రదర్శనమున ఆ శాలువలు కొలువుదీరినవి.

పెరిగిన వెల అల్లినవారి చేతికి చేరెనా? వర్తకుడు రొక్కమీయక, తేయాకును, గుడ్డలను ఇచ్చెడివాడు. ఇంట పిండి నిండుకొన్న స్త్రీ ఆ తేయాకునే నష్టమునకు మారకము వేసి పిండి తెచ్చుకొనవలసి వచ్చెడిది. ఈ పద్ధతిపై ప్రభుత్వము విచారణ జరిపించగా, 1872లో నివేదిక వెలువడినది. మన నరసాపురపు లేసు కొక్కెపు సూదితో నల్లునది గనుక దాని జాతి వేఱు. గతి మాత్రము వేఱని చెప్పజాలను. తీరిక వేళల గృహిణులు చేసికొను పని యను పేర అచటి స్త్రీల కూలిని ఎంత అల్పముగా నిలిపిరో పరిశోధకురాలు మరియా మీస్ తన 1982 నాటి గ్రంథమున వివరించినది.

నేడు సరదాకు ఒక్క చిలప కొని యల్లువారి చింత వేఱు: నూలు నడుమనే అయిపోక శాలువ ముగియుటెట్లు? మెడ వెనుక కొలదిపాటి కుట్లతో నారంభించి, రెండు వరుసలకు నాలుగు కుట్ల చొప్పున పెంచుచు దిగు త్రికోణపు శాలువ యిందుకు మిక్కిలి అనుకూలము, ఇంచుమించు ఏ వరుసయందైనను ఆపవచ్చును గదా. అయితే వైశాల్యము వరుసల సంఖ్యయొక్క వర్గమునుబట్టి పెరుగును. సగము నూలు డెబ్బది వరుసలకు ముగిసినచో, తక్కిన సగము మఱి ముప్పది వరుసలకైనను చాలదు. కావున వరుసకు ముందొకమారు, పిమ్మట నొకమారు ఉండను వంటింటి త్రాసుపై తూచుకొనుట మంచిది. ముగింపు వరుస బిగువైనచో అంచు సాగదు, వదులుగా వేసినచో నూలు విశేషముగా మ్రింగును; దానికై రెండు మూడు వరుసలకు సరిపడు నూలు మిగుల్చుకొనవలెను.

సూదులనుండి దిగిన శాలువ ముడుచుకొనిపోయి, చూచువారికి నిరాశ గొలుపును. దానిని గోరువెచ్చని నీట నానబెట్టి, మెలిపెట్టక తువాలుతో నద్ది, పరుపుపై సాగలాగి మొనమొనకు గుండుసూది గ్రుచ్చి యారనిడవలెను. షెట్లండులో కొయ్యచట్రములకు బిగించి యారవేసెడివారు. దారపు కొసలను ముందే అల్లికలో దోపినను, పూర్తిగా ఆఱిన పిమ్మటనే కత్తిరింపవలెను. ముందుగా కురచ చేసినచో సాగదీయునపుడవి జాఱి బయటికి వచ్చును.