కొండసీమలో మేఁకపాడి



మేఁకపాలు తేలికగా జీర్ణమగునని మన వైద్యశాస్త్రములు చెప్పుచున్నవి. సుశ్రుతాచార్యులు కారణములను గూడఁ జూపినారు: మేఁక దేహము చిన్నది, కారము, చేఁదు గల యాకులను మేయును, నీరు మితముగాఁ ద్రాగును, ఎల్లప్పుడు తిరుగుచుండును. పాలగుణము మేఁతను, తిరుగుడును బట్టి యుండునని ప్రాచీనులే కనిపెట్టిరన్నమాట. నీటి విషయమున మాత్ర మొక సవరణ కావలెను. పాలలో నూటికి సుమారు 87 పాళ్లు నీరే. పాలిచ్చు మేఁకకు నీరు తగ్గినచోఁ బాలును తగ్గును. చలికాలమున మంచువలె చల్లనైన యేటినీరు అది చాలినంత త్రాగదు. గోరువెచ్చని నీరు పెట్టుట మేలు.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. వేఁడికి మేఁక మేఁత మానుట, పాలలో వెన్న తగ్గుట మైదానపు బాధలు. ఈ కొండలలో శత్రువు తడి.

ఇచ్చటి గిరిజనులలోఁ బలువురు పూర్వము పాలు పిదుకువారు కారు. తల్లిపాలు పిల్లవే యని వారి న్యాయము. కావునఁ బాలు తగ్గిన సంగతి కుండలోఁ గనఁబడదు. వానకాలమునఁ బిల్లలు చిక్కి చచ్చుటలోఁ గనఁబడును.

జడివానలో మేఁక బయటికిఁ బోదు. బలవంతముగాఁ దోలినను తడిసిన గడ్డి నిష్టపడదు. అంతకంటెఁ గీడు మఱియొకటి కలదు. మేఁక కడుపులోఁ జేరి నెత్తురు పీల్చు సన్నని పురుగుల గ్రుడ్లు పెంటికలతో నేలఁబడును. ఆ తడిలోఁ బుట్టిన పిల్లపురుగులు మంచునీటి వెంట గడ్డిపోచల నెక్కి, ప్రొద్దుననే మేయవచ్చిన మేఁక నోటఁ బడును. కనుఱెప్ప లోపలిభాగము తెల్లఁబాఱుట, దవడక్రింద నీరు దిగుట దీని గుఱుతులు. నెత్తురు లేని దేహమునఁ బాలెచ్చటినుండి వచ్చును? ఎండ తగిలి మంచు ఆరిన పిదపనే మంద తోలవలెను. ఈ పురుగులు నేలకు జేనెడు లోపలనే మెండు గనుక, ఎత్తైన తుప్పలయాకు మేలు. వాన విడువని దినములలోఁ బనసకొమ్మలను కట్టలుగాఁ గట్టి తలయెత్తున వ్రేలాడఁదీయుఁడు. నేలఁబడి త్రొక్కఁబడినదానిని మేఁక ముట్టదు. చోళ్లు దండిగాఁ బెట్టినఁ బాలు చిక్కనగునని కొందఱి నమ్మకము. పీచుగల యాకు తగ్గి గింజ హెచ్చినచో వెన్న తగ్గును.

పాఁకలో బురదనేలకంటె వెదురుమంచె యెంతయో మెఱుఁగు. బద్దల సందులనుండి పెంటికలు క్రిందఁబడును. గిట్టలును, పొదుఁగును పొడిగా నుండును. చలిగాలి వచ్చు వైపున తడిక కట్టవలెను. తడిసి వణఁకు మేఁక తిన్న మేఁత వెచ్చదనమునకే ఖర్చగును.

యమునా, చంబలు నదుల సమీపమందలి యిటావా ప్రాంతపు జమ్నాపారి మేఁకను దెచ్చినచో పాలు పొంగునని తలంచువారు గలరు. అది పొడినేలలకును, ముండ్లతుప్పలకును అలవడిన జాతి. దానిని బురదలోఁ గట్టి జాతిని నిందించుట యెట్టి న్యాయమో నాకుఁ దెలియదు.

పోతును పాలు పిదుకు చోటికి దూరముగాఁ గట్టవలెను. పాలలోని వెన్న దాని కంపును లాగుకొనును. పిదికిన పాలను వడగట్టి, పొంగువఱకుఁ గాఁచి, పిమ్మటనే పసిబిడ్డల కీయవలెను. మందలో మేఁకలు ఈచుకపోవుచున్నచో దీనిని మఱింత జాగ్రత్తగాఁ బాటింపుఁడు. ఆ తెగులు పచ్చిపాలవలన మనుష్యులకును జ్వరరూపమున సోఁకును.