ఇంటి మూలన చిత్రశాల

చిత్రశాల అనగానే విశాలమైన గది, ఎత్తైన కిటికీలు, ఖరీదైన పరికరాలు మనసులో మెదలుతాయి. ఈ ఊహ కొత్తది కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును కళ్ళకు కట్టించే ‘క్రీడాభిరామం’లో మాచల్దేవి అనే సంపన్న వేశ్య తన ఇంట నిర్మించుకొన్న చిత్రశాల ప్రస్తావన ఉంది. పురాణగాథల చిత్రాలు అందులో ఉన్నట్లు ఆ గ్రంథం వర్ణిస్తుంది. అయితే అది బొమ్మలను చూపే చోటు. వాటిని గీసినవారి ఇల్లెక్కడో, వారు రంగులెక్కడ నూరుకొన్నారో కావ్యం చెప్పదు; కావ్యాలు సాధారణంగా అటువంటి విషయాలు చెప్పవు. ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్రము’ మాత్రం ఓరుగంటిలో చిత్రకారుల ఇండ్లు 1,500 ఉండేవని లెక్క చెబుతుంది. సంఖ్యలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు. గమనించవలసింది ‘ఇండ్లు’ అనే మాట. చిత్రకారునికి ఇల్లే పనిచోటు.

ఆ ఓరుగంటి ప్రాంతంలోనే ఉన్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో నేడు బొమ్మలు గీయాలని ఉవ్విళ్ళూరే విద్యార్థులకు కొదవ లేదు. వారిలో చాలామంది ఇళ్ళు రెండు గదులవే. “ముందు గది ఉండాలి గదా, రంగులకు డబ్బు ఉండాలి గదా” అన్న మాట దగ్గరే ఆ కోరిక ఆగిపోతుంది. ఈ ఆటంకం ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే చేర్యాల నకాషీల ఇళ్ళను చూడాలి.

చేర్యాల జనగామ నుండి సిద్దిపేటకు వెళ్ళే దారిలో ఉంది. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలో చేరింది. ఇక్కడి నకాషీలు తరతరాలుగా పటాలు చిత్రించారు. పటమంటే గోడకు తగిలించే చిన్న బొమ్మ కాదు. సుమారు మూడడుగుల వెడల్పుతో, ఒక్కొక్కప్పుడు అరవై అడుగులకు మించిన పొడవుతో సాగే గుడ్డ చుట్ట. దానిపై ఒక కులపురాణమంతా ఘట్టాలుగా గీసి ఉంటుంది. కథకులు రాత్రివేళ ఊరి నడుమ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క ఘట్టాన్ని విప్పుతూ పాడుతూ కథ చెబుతారు. కూనపులివారు పద్మశాలీలకు, గౌడజెట్టివారు గౌడులకు, డక్కలివారు మాదిగలకు, కాకిపడగలవారు ముదిరాజులకు కథ చెప్పేవారు. పటం చేయించుకొనేది కథకుడు, గీసేది నకాషీ, ఆదరించేది ఆయా కులాలవారు.

అరవై అడుగుల చిత్రాన్ని చిన్న ఇంటిలో గీయడం ఎలా సాధ్యమైందన్నది ఆలోచించదగిన విషయం. జవాబు పటం రూపంలోనే ఉంది. గీసి ఆరిన భాగాన్ని చుట్టివేస్తే, తరువాతి ఘట్టానికి మూడు నాలుగడుగుల నేల చాలు. చిత్రం పొడవు పెరుగుతుంది కాని చిత్రశాల వైశాల్యం పెరగదు. వసారాలో చాప పరచుకొని కూర్చొని పని చేయవచ్చు. భోజనాల వేళకు చుట్టి అటక మీద పెట్టవచ్చు. చోటు చాలని విద్యార్థికి దీనికన్నా ఉపయోగపడే పాఠం మరొకటి దొరకడం కష్టం. పెద్ద చట్రానికి బిగించిన కాన్వాసు కొనే ముందు చుట్టగలిగిన గుడ్డనో కాగితాన్నో ఎంచుకొంటే గది సమస్య సగం తీరుతుంది.

ఇక గుడ్డ సంగతి. నకాషీ పనిలో అన్నిటికన్నా ఓపిక కోరేది బొమ్మ గీయడం కాదు, గుడ్డను సిద్ధం చేయడం. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, బియ్యపు గంజి, సుద్దమట్టి, చెట్టు జిగురు కలిపిన పూత పూస్తారు. ఒక పూత బాగా ఆరిన తరువాతనే మరొకటి. మూడు పూతలు పడేసరికి నేత కన్నాలు పూడి, రంగు పీల్చుకోని నున్నని తలం ఏర్పడుతుంది. చింతగింజలను పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా నూరి, నీళ్ళలో ఉడికిస్తే అంబలి తయారవుతుంది. చింతపండు కొట్టే కాలంలో ఈ గింజలకు ఏ ఊళ్ళోనూ కొరత ఉండదు. ఇందులో డబ్బు ఖర్చు బహు తక్కువ, ఖర్చయ్యేది కాలం. గుడ్డ సిద్ధం చేయడం, రంగులు నింపడం వంటి పనులలో నకాషీల ఇళ్ళలో స్త్రీలు సమానంగా పాల్గొంటారు. అయినా పటాన్ని గురించి రాసేవారు వారి శ్రమను తరచుగా మరచిపోతారు.

రంగుల విషయంలో మాత్రం సంప్రదాయాన్ని కళ్ళు మూసుకొని అనుసరించరాదు. దీపపు మసితో నలుపు, గవ్వలు శంఖాలు కాల్చి నూరిన పొడితో తెలుపు, జాజుతో ఎరుపు సులభంగా లభిస్తాయి. జాజు వంటి మట్టి రంగుల మన్నికకు సాక్ష్యం భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. రేగొండ మండలంలోని పాండవుల గుట్టల రాతి చరియల మీద ప్రాచీన మానవుడు గీసిన ఎర్రని బొమ్మలు నేటికీ కనిపిస్తాయి. కాని పటానికి మెరిసే ఎరుపునిచ్చిన ఇంగిలీకం పాదరసపు సమ్మేళనం. పసుపు వన్నెకు వాడిన హరిదళం ఆర్సెనిక్ సమ్మేళనం. రెండూ విషపదార్థాలే. వంటింటికి ఆనుకొని పని చేసేచోట, పసిపిల్లలు తిరిగే ఇంటిలో వీటికి తావు లేదు. ఇక వంటింటి పసుపు సంగతి. పసుపు, మిర్చి రాశులతో కళకళలాడే కేసముద్రం మార్కెట్టు మహబూబాబాద్ జిల్లాలోదే. పసుపుకొమ్ము గుడ్డను చక్కగా పచ్చబరుస్తుంది కాని ఆ రంగు ఎండవెలుగుకు త్వరగా వెలిసిపోతుంది. అందుచేత అభ్యాసకులకు బజారులో దొరికే పోస్టరు రంగులే మేలు. నకాషీలు కూడ ఈ కాలంలో కొనుగోలు రంగులు వాడుతున్నారు. అందులో చిన్నతనం లేదు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు అనే అయిదు సీసాలు ఉంటే మిగిలినవి కలుపుకొనవచ్చు. పూర్వం ఉడుత వెంట్రుకలతో సన్నని కుంచెలు కట్టుకొనేవారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. నేడు కృత్రిమ పోగుల కుంచెలు అన్ని పట్టణాలలోనూ దొరుకుతున్నాయి. నాణ్యమైన సన్న కుంచె ఒకటి, వెడల్పు కుంచె ఒకటి కొని, వాడిన వెంటనే కడిగి, మొనలు పైకి ఉండేట్లు నిలబెడితే అవి ఏళ్ళ తరబడి పనికివస్తాయి. పొదుపు పేరిట కుంచె విషయంలో లోభించడం మంచిది కాదు. వెంట్రుకలు రాలే కుంచె చేతి నైపుణ్యాన్ని కూడ చెడగొడుతుంది.

వెలుతురుకు ఖర్చు లేదు గాని ఎంపిక ఉంది. ఉత్తరపు కిటికీ నుండి లోపలికి వచ్చే వెలుగు పగలంతా దాదాపు ఒకేలా ఉంటుంది. తూర్పు, పడమరల వెలుగు గంటగంటకు మారుతుంది, కళ్ళలో పడుతుంది. కుడిచేతితో గీసేవారు వెలుతురు ఎడమవైపు నుండి వచ్చేట్లు కూర్చుంటే చేతి నీడ బొమ్మపై పడదు. రాత్రి పని తప్పనిసరైతే తెల్లని బల్బు కింద గీయాలి. పచ్చని దీపం కింద కలిపిన రంగు తెల్లవారాక వేరే రంగుగా కనిపించి నిరాశపరుస్తుంది. భూపాలపల్లి వంటి బొగ్గుగనుల పట్టణంలో, సింగరేణి క్వార్టర్లలో ఉండేవారు దుమ్ము సంగతి కూడ చూసుకోవాలి. తడి పూతపై పడిన నలుసు ఆరాక గరుకుగా మిగిలిపోతుంది. ఆరబెట్టేటప్పుడు పైన కొంత ఎత్తులో పాత చీరను పందిరిలా కడితే సరిపోతుంది. పాత తలుపు రెక్కను రెండు ఇటుక వరుసలపై పరిస్తే బల్ల అవుతుంది. దాని కిందనే చిన్న ట్రంకుపెట్టెలో సామగ్రి అంతా ఇముడుతుంది.

అన్ని కళలకూ ఈ సౌలభ్యం లేదన్నది నిజం. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకును లక్కపై పరచి, సుత్తి, ఉలులతో కొట్టి బొమ్మలు తేలుస్తారు. దానికి లోహం కొనాలి, నిప్పు కావాలి, చప్పుడును ఓర్చే ఇరుగుపొరుగు కావాలి. చిత్రకళకు ఇవేవీ అక్కరలేదు.

అయితే తక్కువ ఖర్చుతో సాగే పని గనుక చేర్యాల కళ సుఖంగా బతికిందని అనుకోరాదు. సినిమా, టెలివిజన్ వచ్చి పటం కథలు వినేవారు తగ్గారు. కథకులు తగ్గడంతో పటాలు చేయించేవారు తగ్గారు. చివరకు ఈ పని కొద్ది కుటుంబాలకే పరిమితమైంది. ఆ కుటుంబాలు మానివేయలేదు, మార్చుకొన్నాయి. అరవై అడుగుల పటంలోని ఒక ఘట్టం గోడకు తగిలించే బొమ్మ అయింది. రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి ముఖాల మాస్కులు చేశారు. కులపురాణాల పక్కన కల్లుగీత, మగ్గం నేత, బోనాలు, వ్యవసాయపు పనులు చిత్రాలకెక్కాయి. ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) నకాషీ చిత్రణ నుండి స్ఫూర్తి పొంది, తెలంగాణ పల్లె జీవితాన్ని ఆధునిక చిత్రకళలోకి తీసుకొనివచ్చారు. ఇంటి ఖర్చు తక్కువ కావడం ఆ కుటుంబాలకు మంచి రోజులు తేలేదు గాని, కొనేవారు లేని రోజులలో కుంచె కింద పెట్టకుండా ఉండే వీలు కల్పించింది. పెద్ద అద్దెకు తీసుకొన్న చిత్రశాలకు ఆ వీలు ఉండదు.

ఇటువంటి మూల ఏర్పరచుకొన్న విద్యార్థి మొదటి నెలలోనే పెద్ద చిత్రానికి పూనుకొనడం కన్నా, జానెడు గుడ్డముక్కలకు పూత పూసి, ఆరబెట్టి, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క రేఖను సాధన చేయడం మంచిది. పూత సరిగా పడనిచోట రంగు పాకుతుంది; మరీ మందంగా పడినచోట గుడ్డ చుట్టగానే పగులుతుంది. వానాకాలంలో పూత ఆరడానికి రెట్టింపు సమయం పడుతుంది. గంజి, చింతగింజల అంబలి ఉన్న గుడ్డ గనుక తేమ తగిలితే బూజు పట్టే ప్రమాదమూ ఉంది. పని పూర్తయిన పటాన్ని బొమ్మ వైపు బయటకు ఉండేట్లు వదులుగా చుట్టి, పొడి గుడ్డలో కట్టి, నేలకు తగలకుండా ఎత్తున పెట్టాలి. ఎండ కాసిన రోజున విప్పి నీడలో గాలికి ఆరవేయాలి.