బొమ్మ ముందు, చప్పుడు వెనక: షాట్‌కట్‌లో ఫోన్ వీడియో ఎందుకు తేడా కొడుతుంది?

ఈ ఎపిసోడ్ కూడా జహనుమాలోని మా ఇంటి నుంచే. వెనక ఆటోల హారన్లు వినిపిస్తే సర్దుకోండి.

మా గల్లీ తమ్ముడొకడు లాల్‌దర్వాజ బోనాల ఊరేగింపును రాత్రిపూట ఫోన్‌లో తీశాడు. ఎడిటింగ్‌కి ఇంట్లో పాత కంప్యూటర్, అందులో షాట్‌కట్. పూర్తిగా ఫ్రీ, వాటర్‌మార్క్ కూడా పడదు. వీడియో మొదట్లో బాగానే ఉంది. పోను పోను పుల్ల డప్పు మీద పడ్డ ఎంతసేపటికో దెబ్బ వినిపిస్తోంది. పోతరాజు ఆట ఒక దారి, డప్పు ఇంకో దారి! రిపేర్ షాపులో అడిగితే గ్రాఫిక్స్ కార్డు కొనమన్నారట. ఆగు తమ్ముడూ, పైసలు జేబులోనే పెట్టుకో అన్నాను.

ముందు ఒరిజినల్ ఫైల్‌ని వీఎల్‌సీలో చూడండి. అక్కడ సరిగ్గా ఉండి, ఎడిటర్‌లోనే తేడా వస్తోందా? అందులోనూ తేడా అంతకంతకూ పెరుగుతోందా? అయితే అనుమానించాల్సింది ఫ్రేమ్ రేట్‌ని.

సంగతేందంటే, ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు అని చెప్తుంది గానీ, వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు ఒక్కో ఫ్రేముకు ఎక్కువ టైమ్ తీసుకుంటాయి. అప్పుడు లెక్క తగ్గిపోతుంది. సౌండ్ మాత్రం తన వేగంలో తాను రికార్డ్ అవుతుంటుంది. నిమిషానికి 1800 బదులు 1740 ఫ్రేములే వచ్చాయనుకోండి. ఎడిటర్ వాటిని సెకనుకు 30 చొప్పున నడిపిస్తే 58 సెకన్లకే బొమ్మ అయిపోతుంది. ఒక్క నిమిషానికే 2 సెకన్ల తేడా! దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. మీడియాఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనిపిస్తుంది.

షాట్‌కట్ ఇలాంటి ఫైల్‌ని చూడగానే కన్వర్ట్ చేయమంటావా అని అడుగుతుంది. మనవాళ్లు చదవకుండానే క్యాన్సిల్ కొట్టేస్తారు, అదీ అసలు గొడవ. పోనీ, క్లిప్ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే కన్వర్ట్ అక్కడా ఉంటుంది. అందులో గుడ్, బెటర్, బెస్ట్ అని మూడు రకాలు. ఫోన్ వీడియోకి గుడ్ చాలు. బెస్ట్ పెట్టారో, పాత హార్డ్ డిస్క్ నిండిపోతుంది.

హ్యాండ్‌బ్రేక్ వాడేవాళ్లు వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టాలి. ఫాస్ట్ 1080పీ30 ప్రీసెట్‌లో పీక్ అని ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే పని జరగదు. ఏదైనా సరే, కటింగ్ మొదలుపెట్టకముందే కన్వర్ట్ చేసుకోండి.

ప్రివ్యూ ఆగి ఆగి నడవడం వేరే సమస్య. సెట్టింగ్స్‌లో ప్రివ్యూ స్కేలింగ్‌ని 360పీకి తగ్గించండి. ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ ఏమీ తగ్గదు.

ఐఫోన్ ఉన్నవాళ్లు ఈసారి రాత్రి షూటింగ్‌కి ముందే కెమెరా సెట్టింగ్స్‌లో, రికార్డ్ వీడియో కింద ఆటో ఎఫ్‌పీఎస్ ఆఫ్ చేసుకోండి. బొమ్మ కాస్త చీకటిగా వస్తుంది గానీ, డప్పు టైమ్‌కి పడుతుంది.