వంటగట్టుకు ఏ రాయి?

నా చిన్నతనంలో బోధన్ ఇళ్లలో వంట నేల మీదే సాగేది. షాబాద్ బండల మీద పొయ్యి, దాని ముందు పీట, చేతికందే దూరంలో రోలు. బండ మీద చింతపండు పులుసు ఒలికినా, పసుపు పడినా ఎవరూ బాధపడేవారు కాదు. గ్యాస్ పొయ్యి వచ్చాక మన గృహిణులు నిలబడి వండడం మొదలుపెట్టారు, పొయ్యి గట్టెక్కింది. ఇప్పుడు కొత్త ఇల్లు కట్టే ప్రతి కుటుంబంలోనూ ఈ గట్టు మీద ఏ రాయి వేయించాలన్న చర్చ తప్పడం లేదు. ఆ చర్చ ఎక్కువగా రంగు దగ్గర మొదలై రంగు దగ్గరే ముగుస్తుంది.

మా ఆపా ఇంట్లోనూ అలాగే జరిగింది. కుమారుడు గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో బోధన్‌లో ఇల్లు కట్టించి, వంటగట్టుకు తెల్లని పాలరాయి వేయించింది. మొదటి రమజాన్‌లోనే ఇఫ్తార్ షర్బత్ కోసం నిమ్మకాయలు కోసిన చోట గట్టు మెరుపు పోయి, గుండ్రని మచ్చలు తేలాయి. సబ్బుతో, సోడాతో ఎంత రుద్దినా అవి పోలేదు. ఎలా పోతాయి? అవి రాయికి అంటిన మరకలు కావు, రాయే అక్కడ కరిగింది.

పాలరాయి సున్నపు జాతికి చెందినది. పులుపు తాకితే దాని పైపొర కరిగిపోతుంది. మనకు చిరపరిచితమైన తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలన్నీ ఈ జాతివే. కడప నల్లబండ కూడా ఇదే కోవలోనిది. చవకగా దొరుకుతుంది, పాలిష్ చేస్తే నల్లగా నిగనిగలాడుతుంది, అందుకే చాలామంది దానిని గ్రానైట్ అనుకుని తీసుకుంటారు. గట్టు కింద అరలకు అంతకంటే మంచి బండ లేదు. కానీ గట్టు పైభాగానికి మాత్రం చింతపండు, నిమ్మ, పెరుగు రోజూ వాడే మన వంటింట్లో అది నిలవదు.

గ్రానైట్ సంగతి వేరు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే గట్టి ఖనిజాలతో ఏర్పడినందున వంటింటి పులుపు దానిని ఏమీ చేయలేదు. కత్తి గీత పడదు, పొయ్యి మీది దేగిషా దించి పెట్టినా సాధారణంగా తట్టుకుంటుంది. దూరం వెళ్లనవసరం లేదు, మన పొరుగున కరీంనగర్ ప్రాంతపు గోధుమరంగు గ్రానైట్ విదేశాలకు కూడా వెళుతోంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే, బంగారు చుక్కలు మెరిసే నల్లరాయి మరీ ప్రసిద్ధం, ధర కూడా అందుకు తగినట్లే. నన్నడిగితే చుక్కలున్న గోధుమరంగే మేలంటాను. నున్నటి నలుపు మీద బోరునీటి తెల్లచారలు ప్రతి పూటా కనబడి ఇల్లాలిని విసిగిస్తాయి.

కొనేముందు దుకాణంలో ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. దాని మీద నిమ్మరసం కొన్ని చుక్కలు వేసి అరగంట ఉంచి తుడవండి. మెరుపు తగ్గితే అది సున్నపు రాయే, దుకాణదారుడు ఏ పేరు పెట్టినా సరే. మరోచోట నూనెలో కలిపిన పసుపు రాసి రాత్రంతా వదిలేయండి. జాతీయ పసుపు బోర్డుకు 2025లో కేంద్రస్థానమైన నిజామాబాద్‌లో ఈ పరీక్ష గురించి ఎవరికీ వివరించనవసరం లేదు. బట్టకు అంటిన పసుపు ఎండలో వేస్తే వెలిసిపోతుంది. వంటగట్టును ఎండలో ఎక్కడ వేస్తాం? లేతరంగు గ్రానైట్ కూడా నూనెను కొంత పీల్చుకుంటుంది కాబట్టి దానికి సీలర్ పూయించడం అవసరం.

ఇటీవల మన పట్టణాలకూ చేరిన క్వార్ట్జ్ పలకల మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఇది గని నుంచి పలకగా వచ్చే రాయి కాదు. క్వార్ట్జ్ పొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి, అదిమి తయారుచేస్తారు. మరక అంత సులభంగా పడదు, చూపులకు అందంగా ఉంటుంది. అయితే వేడి గిన్నె నేరుగా పెడితే ఆ జిగురు పాడవుతుంది. అసలు చిక్కు అది కూడా కాదు. ఈ పలకల్లో చాలావాటిలో సుమారు 90 శాతం సిలికాయే. గ్రానైట్‌లో సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. పొడిగా కోసినప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని తెస్తుంది. దానిని పూర్తిగా నయం చేసే మందు లేదు, పైగా క్షయ సోకే ప్రమాదమూ పెరుగుతుంది. యువ కార్మికులు వరుసగా ఈ వ్యాధి బారిన పడడంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ పలకలనే నిషేధించింది.

ఇది ఆస్ట్రేలియా గొడవ అనుకునేవాణ్ణి. మా మదర్సాలో నా దగ్గర నాజిరా చదివిన కుర్రవాడొకడు రాళ్లు కోసే పనిలో చేరాడు. పోయిన శీతాకాలం మసీదు మెట్లెక్కుతూ సగంలో ఆగి రొప్పుతుంటే, ఏమైందని అడిగాను. ‘దగ్గు ఉస్తాద్, పోవడం లేదు’ అన్నాడు. మొదట క్షయ అనుకుని మందులు ఇచ్చారట. తర్వాత మరొక డాక్టరు ఏం పని చేస్తావని అడిగి, రాతిధూళి అని తేల్చాడు. అతని వయసు ఇరవై ఆరు. ఇన్నేళ్లూ ముక్కుకు రుమాలు కట్టుకునే కోశాడు. ఆ ధూళిని గుడ్డ ఆపలేదు. అతను కోసినది ఎక్కువగా గ్రానైటే, క్వార్ట్జ్ కాదు. కాబట్టి రాయి మార్చినంత మాత్రాన మన బాధ్యత తీరదు, కోసే తీరు కూడా మారాలి.

మార్గం కష్టమైనదేమీ కాదు. కొలతలన్నీ ముందే ఇచ్చి, నీటిధారతో నడిచే పెద్ద యంత్రమున్న చోటే పలకను కోయించండి. సింక్ రంధ్రం, అంచుల నునుపు కూడా అక్కడే. ఇంటి దగ్గర మిగిలే చిన్న పనికి నీళ్లు పోస్తూ కోయమనండి, నీటితో వాడదగిన యంత్రమే తెమ్మనండి, లేకుంటే కరెంటు ప్రమాదం. మంచి మాస్కు ఖర్చు మనమే పెట్టుకుందాం. మేస్త్రీ ఆలస్యమవుతుందంటాడు. కానివ్వండి. పొడిగా కోస్తే ఆ ధూళి మన పిల్లల గదుల్లోకీ వస్తుంది.

స్నానాల గది గట్టుకూ ఇవే నియమాలు. అక్కడ మరకలకు యాసిడ్ పోసే అలవాటుంది, సున్నపు రాయికి అది చావుదెబ్బ. వుజూ కోసం వృద్ధులు కూర్చునే దిమ్మెకు, కాళ్లు పెట్టే చోటుకు మెరుగు పాలిష్ వద్దు. గరుకు ముగింపు అడగండి, తడికాలు జారదు.

ఆపా ఈ మధ్య పాలరాయి తీయించి గోధుమరంగు గ్రానైట్ వేయించింది. పలక నిజామాబాద్‌లోనే నీళ్లలో కోసి వచ్చింది. కుళాయి రంధ్రం ఒక్కటే ఇంట్లో వేశారు. వేస్తున్నంతసేపూ ఆపా మనవడు లోటాతో నీళ్లు పోస్తూ నిలబడ్డాడు, చొక్కా అంతా తడుపుకుని.