ఆవాలలో దాగిన బలురక్కసి



ఆవకాయ రోజులు వస్తే ఆవాలు ఎండబెట్టి పిండి కొట్టించని ఇల్లు మనలో అరుదు. అందుకే ఈసారి ఒక కలుపుమొక్కను గురించి చెప్పదలచాము. దాని పేరు బలురక్కసి. కొన్ని ఊళ్ళలో బ్రహ్మదండి అంటారు. ఆ పేరు వేరే ముళ్ళ మొక్కలకు కూడా ఉన్నది గనుక రూపాన్ని బట్టి గుర్తించండి.

ఆకులు నీలి ఛాయ గల ఆకుపచ్చ రంగులో, ఈనెల వెంట తెల్లని చారలతో, అంచుల్లో ముళ్ళతో ఉంటాయి. పువ్వు పసుపుపచ్చన. కాడ తుంచితే పసుపు రంగు పాలు కారతాయి. కాయ నిండా ముళ్ళే. అది ఎండి విచ్చుకుంటే లోపల ఆవాల వంటి నల్లని గింజలు కనిపిస్తాయి. మెక్సికో ప్రాంతం నుండి వచ్చిన ఈ మొక్క మన రోడ్ల పక్కన, బీళ్ళలో, చెరువు గట్లపై, ఏటి ఇసుకలో పెరుగుతుంది.

ఈ గింజల నూనెలో సాంగ్వినారిన్ అనే విషం ఉన్నది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఇది కలిసినందున 60 మందికి పైగా మరణించారు. వారు ఆ నూనెతో వండుకొని తిన్నవారే. కనుక కాచితే విషం పోతుందని అనుకోవద్దు.

ఆవాలను తెల్లని పళ్ళెంలో పరచి చూడండి. ఆవగింజ నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. బలురక్కసి గింజ గరుకుగా, మరింత నల్లగా ఉంటుంది, లోపల తెలుపు. పిండి అయ్యాక కంటితో పోల్చలేము. అందుచేత గింజలే కొని, ఏరి, తరువాత పిండి కొట్టించండి. నూనె విడిగా కొనక, సీలు వేసిన ప్యాకెట్టే తీసుకోండి.

కాళ్ళవాపుకు గుండె, మూత్రపిండాల జబ్బులు, రక్తహీనత వంటి కారణాలు అనేకం. కాని ఒకే వంట తిన్నవారిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి రెండు కాళ్ళూ వాచి, విరేచనాలు, ఆయాసం, చర్మం ఎర్రబడటం కనిపిస్తే ఆ నూనె, ఆవపిండి వెంటనే ఆపి ఆసుపత్రికి రండి. వాటిని పారవేయక కొంచెం సీసాలో తీసుకురండి. దీనికి విరుగుడు మందు లేదు. తినడం ఆపడమే చికిత్సలో మొదటి మెట్టు. ఈ మొక్క పాలు కంట్లో వేయడం కూడా మానండి.

గోధుమలలోని గురుగులను కోతకాలం వరకు ఉండనిమ్మన్నాడు ఉపమానంలోని యజమానుడు. మన ఆవాలలోని గురుగులను మాత్రం పిండి కొట్టించక ముందే ఏరివేద్దాము. ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక.