శునక శిక్షణ: శాస్త్రదృష్టి

కుక్కతోక వంకర పోదని మనవారి సామెత. సుమతీ శతకకారుడు కూడ శునకం విషయంలో కఠినమైన తీర్పే ఇచ్చాడు. ఈ తీర్పులను మనసులో ఉంచుకొనియే కాబోలు, మన గోదావరి సీమలో కుక్కపిల్లను తెచ్చుకొనేవారు పలువురు మొదట గొలుసును, పిదప బెత్తాన్ని సిద్ధం చేసుకుంటారు. కొబ్బరితోటకో, చేపల చెరువుకో కాపలా కావాలంటే కుక్క రోషంగా పెరగాలని, అందుకు దెబ్బలు అవసరమని వారి నమ్మకం. అలా పెరిగిన కుక్క దొంగను మాత్రమే కరుస్తుందన్న హామీ లేదు. బంతి కోసం గోడ దూకిన పసివాణ్ణీ కరుస్తుంది. కనుక ఇది కేవలం జంతుప్రియుల ముచ్చట కాదు.

రష్యా దేశపు శరీరశాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియపై జరిపిన కృషికి 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన ప్రయోగశాలలోని కుక్కలకు ఆహారం నోట పడకముందే, అది రానున్నదనే సూచన కలగగానే లాలాజలం ఊరేది. సంకేతమూ, దాని వెంట వచ్చే అనుభవమూ ప్రాణి మనసులో ముడిపడిపోతాయన్నమాట. అంతకుముందే 1898లో, అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో ఉంచి పరీక్షించి, మంచి ఫలమిచ్చిన చేష్టనే ప్రాణి మరల మరల చేస్తుందని నిరూపించాడు. నేటి శిక్షణ యావత్తు ఈ రెండు సూత్రాలపైననే నిలిచి ఉన్నది.

సూత్రాలు సులభమే, ఆచరణలోనే చిక్కు. ఒక ఉదాహరణ చూడండి. కుక్కపిల్ల చెప్పును కొరికింది. యజమాని పావుగంట తరువాత చూచి, "ఇలా రా" అని పిలిచాడు. అది తోక ఊపుకుంటూ వచ్చింది. రాగానే నాలుగు తగిలించాడు. అది నేర్చుకున్న పాఠమేమిటి? చెప్పు కొరకరాదని కాదు, పిలిస్తే రారాదని! ఫలం చేష్టను వెన్నంటి క్షణాలలో రావాలి. మెచ్చుకోలుకైనా ఇదే నియమం. కూర్చోమన్నప్పుడు కూర్చున్న పిల్లకు, అది లేచి నిలబడిన తరువాత బిస్కెట్టు ఇస్తే, లేచి నిలబడినందుకే ఇచ్చినట్లు. దెబ్బ తిన్న పిల్ల తల వంచి, తోక ముడుచుకొంటే "తప్పు తెలుసుకున్నది" అని మనం సంతోషిస్తాం. అది పశ్చాత్తాపం కాదు, భయం.

దండన సంగతి 2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కలతో పరిశీలించారు. బహుమతులతో నేర్పే పాఠశాలల నుండి కొన్నింటిని, దండించే పాఠశాలల నుండి కొన్నింటిని తీసుకున్నారు. దండన అధికంగా అనుభవించిన వాటి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను శిక్షణానంతరం పెరిగింది. మరొక పరీక్ష ఇంకను ఆసక్తికరమైనది. ఒక చోట గిన్నె ఉంటే ఆహారం ఉంటుందని, వేరొక చోట ఉంటే ఉండదని కుక్కకు ముందు అలవాటు చేశారు. పిమ్మట గిన్నెను ఆ రెంటికీ నడుమ ఉంచారు. దండన ఎక్కువగా ఎరిగిన కుక్కలు ఆ గిన్నె వద్దకు నెమ్మదిగా నడిచాయి. ఆశ సన్నగిల్లిందన్నమాట. అయితే ఏ కుక్క ఏ పాఠశాలకు వెళ్ళాలో యజమానులే ఎన్నుకున్నారు గనుక, ఇదొక్కటే తిరుగులేని రుజువని అనలేము.

వయస్సు విషయం అంతకంటె ముఖ్యమని నా అభిప్రాయం. 1961లో అమెరికాలో కొన్ని పిల్లలను మనుష్యుల స్పర్శ లేకుండా కంచెవేసిన పొలంలో పెంచారు. పద్నాలుగు వారాలదాకా మనిషిని ఎరుగని పిల్లలు అటుపైన అడవి జంతువులవలెనే మిగిలిపోయాయి. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు 1965లో వెలువరించిన గ్రంథం ఈ సున్నితకాలం మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకని వివరించింది. ఇటు తల్లినుండి మరీ ముందుగా విడదీయుటయూ హానికరమే. మన దేశంలో 2017 నాటి నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లల అమ్మకాన్ని నిషేధిస్తున్నవి. అనగా కొన్నవారి చేతిలో మిగిలేది కొద్ది వారాలే! టీకాలు పూర్తికానందున ఆ రోజులలో పిల్లను వీధిలో దింపరాదు. ఎత్తుకొని తిప్పవచ్చును. బడిపిల్లలు, గొడుగులు, సైకిళ్ళు, ట్రాక్టరు చప్పుడు, అజాను, గుడిగంట — అన్నీ బెదురు లేకుండా పరిచయం కావాలి.

రోజూ గంటలతరబడి అభ్యాసం చేయించనక్కరలేదు. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో వారానికి ఒక్కసారి పాఠం చెప్పిన బీగిల్ కుక్కలు, వారానికి అయిదుసార్లు చెప్పినవాటికంటె తక్కువ పాఠాలతోనే విద్య నేర్చాయి. విద్యార్థులు దీనిని పరీక్షలముందు నాకు అప్పజెప్పవద్దని మనవి!

శిక్షణగల వేటజంతువుల ప్రస్తావన ఖురాన్‌లోని మాయిదా సూరాలో ఉన్నదని మనలో పలువురికి తెలిసినదే. మన తెలుగుగడ్డ మీద హైదరాబాదు సమీపాన మొయినాబాదులోని పోలీసు అకాడమీలో జాగిలాలకు, వాటిని నడిపే కానిస్టేబుళ్ళకు జంటగానే శిక్షణ ఇస్తారు. మందుపాతర వాసనను పసిగట్టిన కుక్కకు దొరికేది ఒక బంతియో, ఒక మెచ్చుకోలో!

ఇదంతా జాతికుక్కల విద్య అనుకోనక్కరలేదు. కలకత్తా శాస్త్రజ్ఞులు 2020లో మన దేశపు వీధికుక్కల ముందు రెండు గిన్నెలుంచి, ఒకదానివైపు వేలు చూపారు. సుమారు సగం కుక్కలు బెదిరి దగ్గరకే రాలేదు. వచ్చినవాటిలో నూటికి ఎనభై, ఎవరూ ఏనాడూ నేర్పకపోయినా, వేలు చూపిన గిన్నె వద్దకే వెళ్ళాయి.