మాటల్లేని వేట
*అమెరికా మర బోటుపై తీసిన వింత డాక్యుమెంటరీ*

చిమ్మచీకటి. ఇంజను హోరు, గొలుసుల రాపిడి. తెరమీద కనబడుతున్నదేమిటో పోల్చుకోవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. అది నడిసముద్రంలో వల పైకి లాగుతున్న దృశ్యం. 2012లో విడుదలైన 'లెవయతాన్' అనే డాక్యుమెంటరీ ఇలా మొదలవుతుంది. బైబిలు యోబు గ్రంథంలో వచ్చే మహా సముద్ర జంతువు పేరిది. తెలుగు బైబిలులో దానినే మకరమన్నారు.

లూసియన్ కస్టాంగ్-టేలర్, వెరెనా పారవెల్ అనే ఇద్దరు మానవశాస్త్రజ్ఞులు దీనిని తీశారు. వీరు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని సెన్సరీ ఎత్నోగ్రఫీ ల్యాబ్‌కు చెందినవారు. చిత్రం నిడివి 87 నిమిషాలు. వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు, ఇంటర్వ్యూలు అంతకన్నా లేవు. కళాసీల మాటలు సైతం యంత్రాల రొదలో కలిసిపోతాయి.

బోటు బయలుదేరేది మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫోర్డ్ రేవు నుంచి. ఒకప్పుడు తిమింగలాల వేటకు పేరుమోసిన ఊరది. 1851లో వెలువడిన 'మోబీ డిక్' నవల కథ సాగేదీ మొదట అక్కడే. ఇప్పుడు స్కాలప్ అనే గుల్లల వ్యాపారం ఆ రేవును నిలబెడుతున్నది.

పెద్ద కెమెరాలు సముద్రం పాలు కావడంతో దర్శకులు అరచేతిలో ఇమిడే గోప్రో కెమెరాలను ఆశ్రయించారు. వాటిని కళాసీల ఒంటికి తగిలించారు, పొడవాటి కర్రలకు కట్టి నీళ్లలో ముంచారు. డెక్కుమీద చేపల కుప్పలో పడవేశారు. అందుకే ప్రేక్షకుడు ఒక క్షణం కత్తి పట్టిన మనిషి కన్నుతో చూస్తాడు, మరుక్షణం అటూ ఇటూ జారిపోయే చచ్చిన చేపల నడుమ ఉంటాడు. టేకు జాతి చేపల రెక్కలు నరికి తక్కినదాన్ని విసిరేస్తారు. బోటు పక్క రంధ్రాల నుంచి రక్తపు నీరు సముద్రంలోకి కారుతుంటుంది. పనికిరాని వ్యర్థం కోసం పక్షులు గుంపులుగా మూగుతాయి. సున్నిత మనస్కులకు ఇది చూడదగినది కాదు.

ఒక్క ఘట్టం మాత్రం వేరు. వేట ముగించుకొని వంటగదిలో టీవీ ముందు కూర్చున్న కళాసీకి కునుకు పడుతుంది. కెమెరా కదలదు. టీవీలో వస్తున్నదీ వేట బోట్ల కార్యక్రమమే! రెప్పలు వాలడం, ఉలికిపడి తెరవడం, మళ్లీ వాలడం. అలసట అంటే ఏమిటో చెప్పడానికి ఈ కొన్ని నిమిషాలే చాలు. విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లివచ్చే మనవాళ్లకు ఈ దృశ్యం వివరించనక్కరలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో రేవులో ఎవరైనా దీన్ని తెరకట్టి చూపిస్తే బాగుండును.

అయితే ఒక లోటు చెప్పక తప్పదు. ఆ మనిషి పేరేమిటి, వాటా ఎంత వస్తుంది, ఇంటివద్ద ఎవరున్నారు—చిత్రం ఇవేవీ అడగదు. మనిషినీ, చేపనూ, గొలుసునూ ఒకే వరసలో నిలబెట్టడం దర్శకుల ఉద్దేశమే కావచ్చు. కానీ చేపకు అప్పులుండవు గదా!

2012 ఆగస్టులో లొకార్నో చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని తొలిసారి ప్రదర్శించారు. ముగింపులో పాత్రధారుల జాబితా వస్తుంది. అందులో కళాసీల పేర్లతోపాటు వలలో పడిన చేపల, పక్షుల శాస్త్రీయ నామాలు కూడా ఉన్నాయి.